ఎవరి తరఫున కూర్చున్నారమ్మా? హెచ్ఆర్ సిలబస్ సవరిస్తున్న బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు బహిరంగ లేఖ

బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

మానవ వనరుల నిర్వహణ కోర్సు సిలబస్ మారుస్తున్నామని, పాత విద్యార్థుల అభిప్రాయం కావాలని మీరు పంపిన ఫారం అందింది. చివర్లో 'మీ సూచనలు' అని ఒక చిన్న పెట్టె ఉంది. నాలుగు వాక్యాలు రాసేసరికి అది నిండిపోయింది. రాసింది చదువుకుంటే నాకే నచ్చలేదు. 'ప్రాక్టికల్స్ పెంచాలి', 'పరిశ్రమతో సంబంధాలు మెరుగుపడాలి' లాంటివి. ఎవరూ కాదనరు, ఎవరూ చెయ్యరు. అందుకే ఫారం పక్కనపెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. బహిరంగంగా ఎందుకంటే, ఇప్పుడు ఆ క్లాసులో కూర్చున్న పిల్లలూ, వాళ్లకి పాఠం చెబుతున్న అధ్యాపకులూ కూడా ఇది చదవాలని.

నేను ఈ కోర్సే చదివాను. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. గత మూడేళ్లుగా అప్పుడప్పుడు గెస్ట్ లెక్చర్లకి కూడా వస్తున్నాను. మంచి మార్కులతోనే పాసయ్యాను కాబట్టి చదువు మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. నాకు మార్కులు బాగా వచ్చిన పాఠమే నన్ను మొదట ముంచింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన రెండో నెల. ఒక విభాగం మూసేస్తున్నారు. ఆ రోజు మధ్యాహ్నం నన్ను ఒక మేనేజర్ పక్కన కూర్చోమన్నారు. నా పని చిన్నదే: ఆయన విషయం చెప్పాక కాగితాలు ముందుకు జరపడం, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడం. లోపలికి వచ్చినాయన మా నాన్న కంటే పెద్దవారు. మేనేజర్ మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేసి, ఫోన్ వస్తే తీసుకుని బయటికి వెళ్లిపోయారు. గదిలో ఆయన, నేను, కాగితాలు మిగిలాం.

నేను చదివిన పాఠంలో ఈ సందర్భానికి అయిదు మెట్లు ఉన్నాయి. సూటిగా చెప్పు, కారణం చెప్పు, విను, తర్వాత జరిగేది వివరించు, మర్యాదగా ముగించు. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది కూడా. పక్కన బాణాలు గీసి మరీ రాశాను. ఆయన కాగితాలు ముట్టుకోలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాలా మామూలుగా అడిగారు: "ఏమ్మా, మీరిక్కడ ఎవరి తరఫున కూర్చున్నారు?"

వెటకారం ఏమీ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నా తరఫున ఎవరైనా ఉన్నారా, ఉంటే అది నువ్వేనా అని. నాకు జవాబు తెలియలేదు. "అందరి తరఫునా సర్" అన్నాను. ఆయన తల ఊపి సంతకం పెట్టేశారు. సెలవుల లెక్కలో ఆయనకి రావాల్సిన పన్నెండు రోజుల జీతం ఆ కాగితంలో లేదని నేను గమనించింది తర్వాతి వారం. అది సరిచేయించడానికి మరో రెండు నెలలు పట్టింది. 'అందరి తరఫునా' కూర్చున్నదాన్ని ఆ లెక్క ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మీ సిలబస్ ఆ ప్రశ్నని మాకు ఒక్కసారి కూడా అడగలేదు. మూడేళ్లపాటు కంపెనీ మేలు, ఉద్యోగి మేలు ఎప్పుడూ ఒకటే అన్నట్టు పాఠం నడిచింది. చాలా రోజులు ఒకటిగానే ఉంటాయి, నిజమే. హెచ్ఆర్ మనిషి అవసరం పడేది మాత్రం అవి విడిపోయిన రోజునే.

మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ డేవ్ అల్రిచ్ 1997లో హెచ్ఆర్‌కి చెప్పిన నాలుగు పాత్రలు మా క్లాసులో అందరికీ కంఠతా వచ్చు. వ్యూహ భాగస్వామి, మార్పు తెచ్చేవారు, పరిపాలన నిపుణులు, ఉద్యోగుల పక్షాన నిలిచేవారు. నాలుగు గళ్ల పట్టిక గీసి ఒక్కో గడిలో ఒక్కో పాత్ర రాసేవాళ్లం. ఆ గళ్లలో రెండు ఒకే మధ్యాహ్నం, ఒకే గదిలో, ఒకే మనిషిలో పోట్లాడుకుంటాయని ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి సిలబస్‌లో చోటు లేదు. 'నాలుగు పాత్రలను వివరింపుము' అన్న ప్రశ్నకి మాత్రం ఉంది.

ఇది కొత్త తగాదా కూడా కాదు, ఈ వృత్తి పుట్టుకలోనే ఉంది. 1896లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో రౌన్‌ట్రీ ఫ్యాక్టరీ మేరీ వుడ్ అనే ఆమెని కార్మికుల బాగోగులు చూడటానికి నియమించింది. అలాంటి పని చేసేవాళ్లంతా కలిసి 1913లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ వృత్తికి ఇవాళ ప్రపంచంలో పేరున్న సంస్థల్లో ఒకటైన సీఐపీడీ దాని నుంచే వచ్చింది. జీతం యజమాని ఇస్తాడు, యోగక్షేమాలు కార్మికుడివి. మొదటి రోజు నుంచీ ఇదే ఇరకాటం.

మరుసటి ఏడాది, 1914లో, అమెరికాలో హెన్రీ ఫోర్డ్ రోజుకి 5 డాలర్ల కూలి ప్రకటించారు. మా పుస్తకంలో అది 'ఉదారమైన వేతన విధానం' అన్న శీర్షిక కింద ఉంది. దానికి ముందు ఏడాది ఆ ఫ్యాక్టరీలో మనుషులు వచ్చి పోయే రేటు 370 శాతం అని మాత్రం లేదు. అంటే ఒక్కో పని దగ్గరికి ఏడాదిలో దాదాపు నలుగురేసి కొత్తవాళ్లని తెచ్చుకోవాల్సి వచ్చిందన్నమాట. పెంచిన భాగం అందరికీ ఇవ్వలేదనీ లేదు. ఫోర్డ్ పెట్టిన 'సోషలాజికల్ డిపార్ట్‌మెంట్' ఇన్‌స్పెక్టర్లు ఇళ్లకి వెళ్లి, తాగుతున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాస్తున్నారా అని చూసి తృప్తి పడితేనే ఆ భాగం చేతికొచ్చేది. జీతం పెంచినవాళ్లే ఇంట్లోకి తొంగిచూశారు. ఈ రెండూ కలిపి చెబితే ఒక గంట క్లాసు కదిలిపోతుంది. మొదటి ముక్క ఒక్కటే చెబితే రెండు మార్కుల ప్రశ్న అవుతుంది.

హాథార్న్ ప్రయోగాల సంగతి ఇంకా విచిత్రం. మానవ సంబంధాల సిద్ధాంతమంతా దాని మీదే నిలబడిందని చెప్పారు. 1924 నుంచి 1932 దాకా షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కర్మాగారంలో జరిగాయి. మాకు చెప్పింది మూడు వాక్యాలు: వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరిగింది, తగ్గించినా పెరిగింది, కాబట్టి మనిషికి కావలసింది శ్రద్ధ. బాగుంది. గుర్తుంటుంది. నేను కూడా చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాను.

ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకి అసలు వివరాలు చదివాను. 1927లో రిలే పరికరాలు బిగించే అమ్మాయిలని ఒక గదిలో పెట్టి పరిశీలించారు. 1928 మొదట్లో వాళ్లలో ఇద్దరిని తీసేశారు. మాటలు ఎక్కువ, సహకారం తక్కువ అని. వాళ్ల స్థానంలో వేరే ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత ఉత్పత్తి పెరిగింది. అంటే శ్రద్ధ వల్ల మనుషులు మారారని చెప్పే కథలో, నచ్చని మనుషులనే మార్చేసిన ముక్క ఒకటి దాగి ఉంది. దాని వల్లే ఫలితం వచ్చిందని నేననడం లేదు. దాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదనే కదా సార్ మాకు కావలసింది!

ఇక 1931 నవంబరులో మొదలైన మరో గది ఉంది. అందులో 14 మంది మగవాళ్లు టెలిఫోన్ స్విచ్చులకి తీగలు కలిపేవారు. ఎక్కువ పని చేస్తే ఎక్కువ డబ్బు వచ్చే పద్ధతే. అయినా రోజుకి ఇంతే అని వాళ్లలో వాళ్లే ఒక గీత గీసుకున్నారు. గీత దాటినవాడి భుజం మీద తోటివాళ్లు ఒక గుద్దు గుద్దేవారు. ఎందుకంటే, అందరూ ఎక్కువ చేసి చూపిస్తే రేటు తగ్గిస్తారని, లేదా కొందరిని తీసేస్తారని వాళ్ల భయం. మా పుస్తకంలో దీన్ని 'అనధికార బృందాల ప్రతికూల ప్రభావం' అని రాశారు. ప్రతికూలం ఎవరికి? అది మాంద్యం కాలం, ఆ కర్మాగారంలోనే మనుషులు ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ల వైపు కుర్చీలో కూర్చుని చూస్తే ఆ లెక్క తప్పు కాదు. పుస్తకం ఒక వైపు కుర్చీలోంచే రాశారని, ఆ వైపు ఏదో పైకి చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది.

మనిషి అవసరాలని మెట్లుగా పేర్చి చూపించే మాస్లో గారి పిరమిడ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 1943లో ఆయన రాసిన వ్యాసంలో పిరమిడ్ లేదు. అది తర్వాత వేరేవాళ్లు గీసింది. మనం దాన్ని గీయమని పది మార్కులు ఇస్తున్నాం, స్కేలుతో గీస్తే ఇంకో అర మార్కు. బోర్డులో ఎవరైనా ఆ అసలు వ్యాసాన్ని పాఠ్యాంశంగా పెడితే, పిల్లలు పిరమిడ్ కోసం వెతికి వెతికి, ఆ వెతుకులాటలోనే వ్యాసమంతా చదివేస్తారు.

'వనరు' అన్న మాట కూడా నన్ను ఎప్పుడూ కాస్త ఇబ్బంది పెడుతుంది. నీటి వనరులు, ఖనిజ వనరులు, మానవ వనరులు. మొదటి రెండూ అయిపోయేదాకా తోడుకునేవి. 1944లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఫిలడెల్ఫియా ప్రకటనలో మొట్టమొదట రాసుకున్న సూత్రం, శ్రమ సరుకు కాదని. పేరు మార్చమని నేను అడగను, పేర్లు మారిస్తే బోర్డులు మారతాయంతే. మొదటి రోజు క్లాసులో ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసి, ఒక గంట పిల్లల్ని మాట్లాడనిస్తే చాలు.

ఇప్పుడు అసలు పని గురించి చెబుతాను.

హెచ్ఆర్ ఎందుకు ఎంచుకున్నావని మొదటి ఏడాది పిల్లల్ని అడిగితే పదిమందిలో ఏడెనిమిదిమంది 'నాకు మనుషులతో కలిసిపోవడం ఇష్టం' అంటారు. నేనూ అదే అన్నాను. మిగతావాళ్లు లెక్కలంటే భయమని నిజం చెబుతారు. రెండు గుంపులకీ మొదటి ఏడాదిలోనే పేస్లిప్ చేతిలో పెట్టండి. నా మొదటి ఏడాది ఒకాయన సెలవుని జీతం లేని సెలవుగా నమోదు చేశాను. నెలాఖరుకి జీతం తక్కువ పడింది. ఆయన మెయిల్ పెడితే, 'మీ సమస్యను గుర్తించాము, త్వరలో పరిష్కరిస్తాము' అని తయారుగా ఉన్న జవాబు పంపాను. మర్నాడు ఆయనే మడిచిన పేస్లిప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, ఇందులో ఏది ఎందుకు తగ్గిందో చూపించమన్నారు. చూపించలేకపోయాను. నా సొంత పేస్లిప్పే నాకు అర్థం కాదని అప్పుడు తెలిసింది. అకౌంట్స్‌లో ఒక అక్క భోజన విరామంలో కూర్చోబెట్టి వారం రోజులు నేర్పింది. హాజరు ఎక్కడ నమోదవుతుంది, అది ఏ తేదీన లాక్ అవుతుంది, లాక్ అయ్యాక వచ్చిన సెలవు చీటీ ఏమవుతుంది, కోతలు ఏ వరసలో పడతాయి. మూడేళ్ల డిగ్రీలో వారం రోజుల పాఠానికి చోటు దొరకలేదు. ఉద్యోగికి హెచ్ఆర్ మీద నమ్మకం పుట్టేదీ పోయేదీ ఎక్కువగా ఆ ఒక్క కాగితం దగ్గరే.

లెక్కలన్నాను కాబట్టి, మాకు గణాంక శాస్త్రం ఒక పేపరు ఉండేది. వేరే శాఖవాళ్లు వచ్చి సంచుల్లో రంగు గోళీల లెక్కలు చెప్పి వెళ్లేవాళ్లు. నా ఉద్యోగంలో ఇంతవరకూ ఎవరూ గోళీలు తియ్యలేదు. దాని బదులు ఇలాంటి లెక్క ఇవ్వండి. 200 మంది ఉన్న సంస్థలో ఏడాదికి 30 మంది మానేశారు. 15 శాతం. పైవాళ్లకి ఆ అంకె చూపిస్తే 'ఫర్వాలేదు' అంటారు. ఇప్పుడు విడదీసి చూడండి: 25 మంది ఉన్న ఒక్క విభాగం నుంచే 14 మంది పోయారు, అంటే 56 శాతం. మిగతా 175 మందిలో 16 మందే, 9 శాతం చిల్లర. సంస్థ బాగానే ఉంది, ఒక గది తగలబడుతోంది. సగటు అంకె ఆ పొగని కప్పేసింది. ఇది కనిపెట్టడానికి భాగహారం చాలు. కనిపెట్టాక ఆ విభాగం అధిపతి పేరు మీటింగులో ఎలా ఎత్తాలో తెలియాలి. దానికి గణితం చాలదు.

అలాగే 'పేరు బయటపడదు' అని హామీ ఇచ్చే ఉద్యోగుల సర్వే ఉంటుంది. నలుగురున్న టీములో వయసు, అనుభవం, ఆడా మగా అని మూడు ప్రశ్నలు అడిగాక ఎవరి పేరు దాగుతుంది? ఇలాంటి సర్వే ఫారం ఒకటి పిల్లలకిచ్చి, ఎవరు రాశారో కనిపెట్టమనండి. పది నిమిషాల్లో కనిపెడతారు. ఆ తర్వాత జీవితంలో ఎప్పుడూ ఆ హామీని తేలిగ్గా రాయరు.

పనితీరు మదింపు యూనిట్‌లో 'ఫోర్స్‌డ్ డిస్ట్రిబ్యూషన్' ని, అంటే ఉద్యోగుల్ని ముందే పెట్టుకున్న శాతాల ప్రకారం విడగొట్టడాన్ని, ఇంకా ఆధునిక పద్ధతుల కింద చూపిస్తున్నారు. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ సీఈఓగా ఉన్న కాలంలో బాగా పేరొచ్చిన పద్ధతి అది. పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10. ఇలా మనుషుల్ని వరసలో పేర్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. పిల్లలకి పుట్టుక చెబుతున్నాం, వదిలేయడం చెప్పడం లేదు. ఆరుగురున్న టీములో 10 శాతం అంటే మనిషిలో సగం పైచిలుకు. ఆ సగం మనిషి ఎవరో తేల్చమని మేనేజర్ని కూర్చోబెట్టిన మీటింగులో నేనున్నాను. చివరికి ప్రసూతి సెలవులో ఉన్నామె పేరు రాశారు, ఆమె ఆ గదిలో లేదు కాబట్టి. నేను అభ్యంతరం చెప్పాను, కానీ మీటింగ్ అయిపోయాక, మెయిల్‌లో. ఆలస్యంగా చెప్పిన అభ్యంతరం ఫైలుకి పనికొస్తుంది, మనిషికి పనికిరాదు.

ఇంటర్వ్యూల పాఠం గురించి నా ఫిర్యాదు ఇంకోలా ఉంటుంది. అందులో తొమ్మిది రకాల ఇంటర్వ్యూల పేర్లు ఉన్నాయి. ఏది పనిచేస్తుందో లేదు. ఈ రంగంలో దీని మీద గట్టి పరిశోధన ఉంది. 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు ఉద్యోగులని ఎంచుకునే పద్ధతుల మీద ఎనభై అయిదేళ్ల అధ్యయనాలని కలిపి చూశారు. 2022లో సాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కల్లో చేసిన గణాంక సవరణలు మోతాదు మించాయని తేల్చి, మళ్లీ వేశారు. ఎవరు బాగా పనిచేస్తారో ఏ పద్ధతి ఎంతవరకు ముందే చెప్పగలదో చూపే ఆ అంకెలు చాలా పద్ధతులకి తగ్గాయి. తెలివితేటల పరీక్షలకి అంతకుముందున్న పైచేయి పోయింది. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతలతో మార్కులేసే ఇంటర్వ్యూ మొదటి స్థానంలో నిలిచింది. శాస్త్రం అంటే తన లెక్క తనే దిద్దుకోవడమని చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం ఈ కోర్సులో దొరకదు. ఇది చెప్పి, ఒక ఉద్యోగానికి ఆరు ప్రశ్నలు, ఒక్కో జవాబుకీ కొలత రాసుకురమ్మనండి. రాయడం ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది. 'మనిషిని చూడగానే చెప్పేస్తాను' అనే సీనియర్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్ల ముందు నిలబడటానికి పిల్లలకి ఆ కాగితం ఉండాలి.

చూడగానే చెప్పేసేవాళ్లు ఏం చెబుతారో కూడా మనకి తెలుసు. అమెరికాలో బర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు ఉత్తుత్తి రెజ్యూమేలు కంపెనీలకి పంపి చూశారు. వివరాలు ఒకే స్థాయివి, పేర్లు వేరు. తెల్లవాళ్లవిగా అనిపించే పేర్లకి 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ పక్షపాతం మనిషిది కదా, యంత్రానికిస్తే పోతుందని కొందరి ఆశ. రెజ్యూమేలు జల్లెడ పట్టడానికి అమెజాన్ తయారుచేసుకున్న ఒక సాఫ్ట్‌వేర్ మహిళల దరఖాస్తులని తక్కువగా లెక్కగట్టిందని, అందుకే దాన్ని పక్కనపెట్టేశారని 2018లో వార్త వచ్చింది. పాత నియామకాలని చూసి నేర్చుకున్న యంత్రం పాత అలవాట్లే నేర్చుకుంది. కొత్త సిలబస్ ముసాయిదాలో కృత్రిమ మేధకి రెండు యూనిట్లు కేటాయించారని విన్నాను. మంచిదే. సాఫ్ట్‌వేర్ల పేర్లతో వాటిని నింపకండి. పేర్లు పుస్తకం అచ్చయ్యేలోపే మారిపోతాయి.

చట్టం గురించి ఎక్కువ రాయను. దేశాన్ని బట్టి సెక్షన్లు మారతాయి, వాటిని వెతుక్కోవడం నేర్పితే చాలు. మారనివి కొన్నున్నాయి. ఆరోపణ చేసినవాడే తీర్పు చెప్పకూడదు. ఒక మనిషిని ప్రవర్తన కారణంగా తీసేసే ముందు తన మాట చెప్పుకోనివ్వాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందంలోనూ ఈ రెండో మాట ఉంది. సెక్షన్ నంబర్లు అడిగే ప్రశ్నపత్రం బదులు, ఒక నకిలీ విచారణ ఫైలు ఇచ్చి, ఇందులో ఎక్కడ అన్యాయం జరిగిందో చూపించమని అడగండి. తేదీల్లోనే సగం దొరుకుతుంది. నోటీసు మీద తేదీ కంటే నిర్ణయం మీద తేదీ ముందుంటుంది.

మూడేళ్లలో మా క్లాసుకి పదిహేనుమంది దాకా అతిథులు వచ్చారు. అందరూ కంపెనీ హెచ్ఆర్ హెడ్లు, కన్సల్టెంట్లు. ఒక్క యూనియన్ కార్యదర్శి రాలేదు. ఉద్యోగం పోయిన మనిషి రాలేదు. ఫిర్యాదు చేసి గెలిచినవాళ్లు గానీ, ఓడినవాళ్లు గానీ రాలేదు. పారిశ్రామిక సంబంధాలని ఐచ్ఛికం చేశారు, దాన్ని తీసుకున్నవాళ్లు మా బ్యాచ్‌లో ఐదుగురు. సంఘం పెట్టుకునే హక్కు, కలిసి బేరమాడే హక్కు అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948, 1949లో చేసిన 87, 98 ఒప్పందాల్లో ఉన్నాయని తెలియకుండానే మేం పట్టాలు తీసుకున్నాం. అవతలి వైపు మనిషిని శత్రువుగానో, పసిపిల్లాడిగానో తప్ప ఊహించుకోలేని స్థితిలో ఉద్యోగాల్లో చేరాం. దయచేసి ఆ పేపర్ని మళ్లీ తప్పనిసరి చెయ్యండి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ పక్కనపెట్టినా ఫర్వాలేదు, ఇదొక్కటీ చెయ్యండి.

కాదు, ఇంకొకటి కూడా ఉంది. అభ్యాసం చేసే గది. వైద్య విద్యార్థులు బతికున్న మనిషిని ముట్టుకునేముందు ఎన్నోసార్లు సాధన చేస్తారు. హెచ్ఆర్ విద్యార్థి మాత్రం మొట్టమొదటిసారిగా నిజమైన మనిషి ఉద్యోగం మీదే చెయ్యి వేస్తుంది. పోయిన ఏడాది గెస్ట్ లెక్చర్‌లో నేను పాఠం మానేసి ఒక ప్రయోగం చేశాను. ఒక అమ్మాయిని హెచ్ఆర్‌గా కూర్చోబెట్టి, జీతం పెంపు అడిగిన ఉద్యోగికి ఈసారి లేదని చెప్పమన్నాను. ఉద్యోగి పాత్ర నాది. ఆ అమ్మాయి ఆరు నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. మార్కెట్ పరిస్థితి, బడ్జెట్, నా ప్రతిభ మీద సంస్థకున్న నమ్మకం. ఆరు నిమిషాల తర్వాత నేను, "అయితే పెంచుతున్నారా, లేదా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. రెండోసారి తనే అడిగి మళ్లీ చేసింది. మొదటి వాక్యంలోనే "ఈసారి పెంచడం లేదు" అని చెప్పి ఆగింది. ఆ తర్వాత వచ్చిన మౌనం నలభై సెకన్లు ఉంటుందేమో. ఆ మౌనాన్ని మాటలతో నింపకుండా ఉండటమే ఆ రోజు పాఠం. నేనిచ్చిన ఏ లెక్చరూ అంత ఉపయోగపడలేదు.

ఇంకో సందర్భం. ఒకరు తలుపు దగ్గరగా వేసి, "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతాను" అంటారు. మనుషులంటే ఇష్టమున్న ప్రతి విద్యార్థీ "చెప్పండి, ఎవరికీ చెప్పను" అంటుంది. తర్వాత వాళ్లు చెప్పేది లైంగిక వేధింపు అయితే? ఇంకొకరి భద్రతకి ముప్పు ఉన్న విషయమైతే? మాట నిలబెట్టుకుంటే తప్పు, తప్పితే ద్రోహం. దీనికి ఒక వాక్యం ఉంది, ముందే చెప్పాల్సిన వాక్యం: "మీరు చెప్పేదాన్ని బట్టి నేను ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చు. ఎవరికి, ఎందుకు అన్నది ముందు మీకే చెబుతాను. ఇది విన్నాక కూడా చెప్పాలనిపిస్తే చెప్పండి." కొందరు అది విని లేచి వెళ్లిపోతారు. వాళ్లు మళ్లీ వచ్చేలా, లేదా వేరే చోటికి వెళ్లగలిగేలా దారి చూపించడం కూడా నేర్పాలి. ఇది నోటికి అలవాటవ్వాలంటే కనీసం పదిసార్లు అని చూసుకోవాలి. స్నేహితుల ముందు కాదు, వాళ్లు కిసుక్కున నవ్వేస్తారు. రంగస్థల శాఖ పిల్లల్ని పిలవండి. వాళ్లు ఏడవగలరు, అరవగలరు, ఏమీ మాట్లాడకుండా కూర్చోగలరు.

ఇంటర్న్‌షిప్ మాటకొస్తే, ప్రస్తుతం పిల్లలు చేస్తున్నది రెజ్యూమేలు ఫోల్డర్లలో సర్దడం, పుట్టినరోజుల జాబితా తయారుచేయడం. ఎనిమిది వారాల తర్వాత రంగు కవరుతో రిపోర్టు. రిపోర్టు బదులు మూడు చిన్న పనులు అడగండి. పేరు తీసేసిన ఒక పేస్లిప్‌ని హాజరు నుంచి బ్యాంకు దాకా వెంబడించి రాయడం. ఒక విధానం కాగితం మీద ఎలా ఉంది, కింద ఎలా నడుస్తోంది అన్నది ఐదుగురిని అడిగి రాయడం. సంస్థ ఒప్పుకుంటే ఒక ఫిర్యాదు ఎన్ని చేతులు మారి ఎన్ని రోజుల్లో తేలిందో లెక్కపెట్టడం. సంస్థలు ఒప్పుకోవని మీరంటారు. కొన్ని ఒప్పుకోవు. పంపేముందే అడిగితే, ఏ సంస్థకి పిల్లల్ని పంపాలో తేల్చుకోవడానికి అదే మంచి ప్రశ్న.

ఇవన్నీ చేస్తే పిల్లలు భయపడి హెచ్ఆర్ మానేస్తారని ఒక అధ్యాపకురాలు నాతో అన్నారు. ఆవిడంటే నాకు గౌరవం, నాకు పాఠం చెప్పినావిడే. కొందరు మానేస్తారు. రెండో ఏడాదిలో మానేయడం, ఉద్యోగంలో నాలుగేళ్లు నలిగి మానేయడం కంటే మేలు. మా బ్యాచ్‌లో అలా నలిగి వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్లెవరూ పని చేతకాక పోలేదు.

ఆ పెద్దాయన ప్రశ్నకి నాకిప్పుడు ఒక జవాబు ఉంది. అలాంటి గదిలో కూర్చోవాల్సి వచ్చినప్పుడు ముందే చెప్పేస్తున్నాను: "నేను కంపెనీ తరఫున వచ్చానండి. నిర్ణయం మార్చే అధికారం నాకు లేదు. మీకు రావాల్సిందంతా ఈ కాగితంలో ఉందో లేదో చూడటం నా పని, అది ఇప్పుడే మీ ముందే చూద్దాం. ఈ రోజు సంతకం పెట్టక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లి, తెలిసినవాళ్లకి చూపించుకోండి." ఇది గొప్ప జవాబని అనుకోవడం లేదు. ఒకామె దీనికి "అయితే నా తరఫున ఎవరూ లేరన్నమాట" అంది. ఆమె అన్నది నిజమే. ఆ సంస్థలో యూనియన్ లేదు. కార్మిక శాఖ కార్యాలయానికి ఎలా వెళ్లాలో కాగితం మీద రాసిచ్చాను. అలా రాసివ్వడం హెచ్ఆర్ పనేనా, కంపెనీకి ద్రోహమా అని మా టీములో అరగంట వాదన జరిగింది. ఆ వాదన మీ క్లాసులో జరగాలి, నాలాంటి వాళ్లు పదేళ్ల తర్వాత తడుముకుంటూ చేసుకోకూడదు.

అభ్యాసం గదికి బడ్జెట్ లేదని అనకండి. ఒక టేబులు, మూడు కుర్చీలు చాలు. నెలకి రెండు శనివారాలు నేను వస్తాను, పారితోషికం అక్కర్లేదు. ఉద్యోగి పాత్రలో కూర్చుంటాను. నాతోపాటు ఇరవై ఏళ్లు యూనియన్ కార్యదర్శిగా పనిచేసి రిటైరైన ఒకాయన, జీతాల విభాగంలో పనిచేసే ఒకామె రావడానికి ఒప్పుకున్నారు. మొదటి తరగతికి ప్రశ్న కూడా సిద్ధంగా ఉంది, అది మీకు తెలిసిందే. గది ఏదో, ఏ శనివారమో తెలియజేస్తే చాలు.

ఇట్లు,
ఈ కోర్సు పూర్వ విద్యార్థిని